జిమ్‌లో చేరాక పెరిగిన బరువు గురించి

తమ్ముడూ, పర్లాకిమిడిలో జిమ్‌లో చేరిన మూడు వారాలకే కిలోన్నర పెరిగానని, ప్యాంటు తొడల దగ్గర బిగుసుకుంటోందని రాశావు. టెన్షన్ పడకు. కిలోన్నర కొవ్వు చేరాలంటే ఖర్చయ్యేదానికన్నా 11 వేల కేలరీలు పైగా ఎక్కువ తినాలి. తిండి మార్చలేదని నువ్వే అన్నావు కదా!

నువ్వు పెరిగిన బరువులో చాలావరకు నీరే. అలవాటు లేని, గుంజీల్లాంటి స్క్వాట్లకి కండరాల పోగులు కాస్త దెబ్బతింటాయి, అవి మానే క్రమంలో అక్కడ నీరు చేరి ఉబ్బుతాయి. పైగా కండరం, శక్తి కోసం నిల్వ ఉంచుకునే పిండిపదార్థం అయిన గ్లైకోజెన్‌ని ఎక్కువగా దాచుకుంటుంది, దాని ప్రతి గ్రాముతో సుమారు 3 గ్రాముల నీరు వస్తుంది. జిమ్ చేసేవాళ్ళు తీసుకునే క్రియాటిన్ అనే సప్లిమెంట్ కూడా వాడుతుంటే ఇంకాస్త పెరుగుతుంది. కండరాల ఉబ్బు కొన్ని వారాల్లో సర్దుకుంటుంది.

మధ్యాహ్నం గిన్నెడు పఖాళ (నీళ్ళలో నానబెట్టిన చద్దన్నం), నంజుకి ఎండుచేప లాగించి సాయంత్రం కాటా ఎక్కితే ఎవరికైనా ఎక్కువే చూపిస్తుంది. పొద్దున్నే బాత్రూంకి వెళ్ళొచ్చి, ఏమీ తినకముందు చూసుకో. వారం సగటు రాసుకో. నా మటుకు నేను కాటా కన్నా బొడ్డు దగ్గర పెట్టిన టేపునే నమ్ముతాను. నడుము పెరగకపోతే జిమ్ మానకు.

ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, మూత్రం టీ డికాషన్ రంగులో వచ్చినా మాత్రం ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళు.