పాతికేళ్లు దాటిన సుబారు లెగసీ టర్బోని ఫ్యామిలీ కారుగా కొనొచ్చా?

కొనొచ్చు. నిస్సంకోచంగా కొనొచ్చు.

ప్రశ్న అడిగినవారు న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌కి కొత్తగా వచ్చారట. ఇద్దరు పిల్లలు, బడ్జెట్ తక్కువ. జపాన్ కంపెనీ సుబారు చేసిన 1998 మోడల్ లెగసీ జీటీ-బీ వ్యాగన్ (వెనక పొడవైన డిక్కీ ఉన్న కారు) ఒకటి అమ్మకానికి కనబడిందట. తెలిసినవాళ్లంతా "వద్దు, అది కుర్రాళ్ల కారు" అంటున్నారట. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మేము హామిల్టన్‌లో ఉన్నన్నాళ్లూ మా ఇంట్లో ఉన్నది అదే కారు, మాన్యువల్ గేర్‌బాక్స్‌ది. మా పాపని ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది అందులోనే. ఉద్యోగం కోసం పెర్త్‌కి మారినప్పుడు అమ్మేశాం.

అది కుర్రాళ్ల కోసం చేసిన కారు కానే కాదు. ఇలాంటి టర్బో కార్లు (ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసి బలం పెంచేదే టర్బో) మామూలు జనం చేతికి వచ్చింది రాలీల వల్ల, అంటే మామూలు రోడ్ల మీద టైముతో పోటీపడే రేసుల వల్ల. 1986లో కోర్సికా రాలీలో డ్రైవర్ హెన్రీ టోయివొనెన్, పక్క సీట్లోని సెర్జియో క్రెస్టో ప్రమాదంలో చనిపోయాక, గ్రూప్ బీ అనే తరగతిలోని అదుపు లేని కార్లను ఆపేశారు. మరుసటి ఏడాది నుంచి గ్రూప్ ఏ వచ్చింది. నువ్వు ఏ కారుతో పోటీకి వస్తావో ఆ కారును ఏడాదిలో 5,000 తయారు చేసి చూపించాలి అన్నది దాని రూలు. తర్వాత ఆ సంఖ్యను 2,500 చేశారు. అన్ని వేల కార్లు ఎవరు కొంటారు? పిల్లల్ని బడిలో దింపి ఆఫీసుకి వెళ్లేవాళ్లే కొనాలి. అందుకే మిత్సుబిషి గాలంట్ వీఆర్-4 నాలుగు తలుపుల బుద్ధిమంతుడైన సెడాన్‌లా ఉంటుంది. లెగసీ ఆర్ఎస్ కూడా అంతే. 1993లో రాలీ డ్రైవర్ కాలిన్ మెక్‌రే రాలీ న్యూజిలాండ్ గెలిచింది ఆ లెగసీతోనే. ప్రపంచ రాలీ చాంపియన్‌షిప్‌లో అతనికీ, సుబారుకీ అదే మొదటి విజయం. ఆక్లాండ్ దగ్గరి పుకెకోహె ఊరి డ్రైవర్ పాసమ్ బోర్న్ ఆసియా-పసిఫిక్ రాలీ టైటిల్ మూడుసార్లు గెలిచిందీ సుబారుల్లోనే. అక్కడి పాత మెకానిక్‌ల ముందు ఆయన పేరెత్తి చూడండి, చేతిలో పని ఆపేసి మాట్లాడతారు.

మీరు చూసిన జీటీ-బీ రాలీలకి వెళ్లిన మోడల్ కాదు, నిజమే. కానీ ఆ వంశమే. అదే రెండు లీటర్ల ఈజే20 బాక్సర్ ఇంజన్ (సిలిండర్లు అటూ ఇటూ పడుకుని ఉంటాయి), నాలుగు చక్రాలకీ పవర్, మాన్యువల్‌లో 280 హార్స్‌పవర్. పేరులోని 'బీ' బిల్‌స్టీన్ షాక్ అబ్జార్బర్లకి గుర్తు. ఇంత సరంజామా పెట్టి, వెనక ప్రామ్, సూట్‌కేసులు, బియ్యం బస్తా పట్టేంత చోటు ఇచ్చారు. ఇంతకంటే నిజాయితీ గల ఫ్యామిలీ కారు నేను చూడలేదు.

మా నాన్న సంగతి చెబితే మీకు బాగా అర్థమవుతుంది. ఆయన భద్రాచలం డిపోలో ఆర్టీసీ డ్రైవరుగా చేసి రిటైరయ్యారు. చింతూరు, మారేడుమిల్లి ఘాట్ మీదుగా రాజమండ్రి బస్సు నడిపిన మనిషి. మా దగ్గరికి వచ్చినప్పుడు ఓ ఆదివారం రాగ్లన్ తీసుకెళ్లాం. అక్కడి నుంచి కరియోయి కొండ చుట్టూ సముద్రం అంచున ఫాంగా కోస్ట్ రోడ్డు ఉంటుంది. రాలీ న్యూజిలాండ్‌లో చాలా పేరున్న స్టేజి, అంటే టైము లెక్కగట్టే రోడ్డు ముక్క. మామూలు రోజుల్లో ఎవరైనా వెళ్లొచ్చు. తారు అయిపోయి కంకర మొదలవగానే నాన్న "ఆపరా, నేను నడుపుతా" అన్నారు. ఇండియా లైసెన్స్ ఇంగ్లీషులో ఉంది, స్టీరింగ్ కుడివైపే, ఇన్సూరెన్సు వాళ్లకి ముందే చెప్పి ఉంచాను. ఇంకేం కావాలి?

సీటు ముందుకి జరుపుకొని నిటారుగా కూర్చున్నారు. అద్దం దించేశారు. వెనక నుంచి మా ఆవిడ "మామయ్యా, దుమ్ము వస్తుందేమో, ఏసీ వేయనా?" అంటే "వద్దమ్మా, టైరు కింద రాయి ఎట్లా పలుకుతుందో వినాలి" అన్నారు. పల్లం దిగేటప్పుడు బ్రేకు జోలికి పోకుండా సెకండ్ గేరులోనే దింపారు. మూలమలుపు రాకముందే స్పీడు తగ్గించి, మలుపులో యాక్సిలరేటర్ మీద పాదాన్ని అలా ఆనించి ఉంచేవారు. వెనక చక్రాలు రవ్వంత జారబోయి మళ్లీ వాటంతట అవే దారిలో పడటం నాకు సీట్లోంచి తెలుస్తోంది. పాప నిద్ర లేవలేదు. అలాగని ఎడ్లబండి స్పీడేమీ కాదు, చక్కగా వెళ్తున్నాం. "దీని చేతిలో రోడ్డుంది రా" అన్నారు. ఆయన ఏ బండిని గురించీ అంత మాట అనలేదు.

తిరుగు ప్రయాణంలో తారు రోడ్డు మీద ఎత్తు ఎక్కుతూ గట్టిగా తొక్కారు. మొహం చిట్లించారు. "మధ్యలో పికప్ పడిపోయి మళ్లీ లేస్తోంది. ఫిల్టర్ ఏమన్నా మూసుకుపోయిందా?"

ఫిల్టర్ కాదు. ఆ ఇంజన్‌కి రెండు టర్బోలు. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఒకటే పనిచేస్తుంది, దాదాపు 4,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర రెండోది వచ్చి కలుస్తుంది. ఆ చేతులు మారే చోట బండి క్షణం పాటు ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది. సుబారు అభిమానులు దానికి 'మృత్యులోయ' అని పేరు పెట్టి ఏళ్ల తరబడి వాదించుకున్నారు. నేను వివరించి చెబితే నాన్న ఒక్క ముక్కలో తేల్చేశారు: "అయితే అక్కడిదాకా పోనివ్వడం ఎందుకు, ముందే గేరు మారిస్తే సరి." హామిల్టన్ దాకా అలాగే నడిపారు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడన్నదాన్ని బట్టి డ్రైవర్‌ని లెక్కగట్టే ఆర్టీసీలో పనిచేసిన కాలు అది. ఆ తర్వాత నేనూ అలాగే నడిపాను. పెట్రోలు ఖర్చు తగ్గింది. పిల్లలతో వెళ్లేటప్పుడు మొదటి టర్బో ఒక్కటే సరిపోతుంది, రెండోది ఓవర్‌టేక్ చేసేటప్పుడు వాడుకోండి.

పనిలో పనిగా ఇదీ చెప్పాలి. మన ఊళ్లలో మిత్సుబిషి లాన్సర్ అంటే ఎంత గొప్పగా చూసేవాళ్లో గుర్తుందా? 1998 నుంచి చెన్నై దగ్గర తిరువళ్లూరులో హిందుస్థాన్ మోటార్స్ తయారు చేసింది. అదే పేరున్న కారుతో రాలీ డ్రైవర్ టామీ మాకినెన్ 1996 నుంచి 1999 దాకా వరసగా నాలుగు ప్రపంచ రాలీ టైటిళ్లు కొట్టాడు. అతనిది టర్బో ఎవల్యూషన్, మనకి వచ్చింది టర్బో లేని లాన్సర్. చివరికి ఎవల్యూషన్ టెన్‌ని ఇండియాకి తెచ్చారు గానీ ఆ ధరకి సిటీలో ఫ్లాటు వచ్చేది. ఘాట్ రోడ్లున్న దేశానికి ఈ కార్లు మామూలు ధరలో ఇచ్చి ఉంటే మన డ్రైవింగే వేరుగా ఉండేది. నేనిది గట్టిగా నమ్ముతాను.

ఇప్పుడు నడుపుతున్న ఎస్‌యూవీ సంగతి అడగకండి. ఎత్తుగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, గేర్ల మెట్లు లేని సీవీటీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఒకే రాగం తీస్తుంది. దారి తప్పితే కెవ్వుమని అరిచే సెన్సర్లు బోలెడు. రోడ్డు మాత్రం చేతికి తెలియదు.

ఇక మీ బేరం సంగతి. ఎవడైనా పెద్ద సైలెన్సర్, బుస్సుమనే వాల్వు బిగించి ఉంటే వదిలేయండి. ఈ కార్లు చచ్చింది రాలీల వల్ల కాదు, పార్కింగ్ స్థలాల్లో చూపించుకోవాలని విప్పిన చేతుల వల్ల. టర్బో అని చెప్పగానే ప్రీమియం పెంచేసిన ఒక ఇన్సూరెన్స్ కంపెనీతో నేను గొడవపడాల్సి వచ్చిందీ అలాంటివాళ్ల పుణ్యమే. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నది వెతకండి.

టైమింగ్ బెల్ట్ 1,00,000 కిలోమీటర్లకి మార్చాలి, మార్చిన రసీదు అడగండి. అది తెగితే వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజన్ పోతుంది. రెండు టర్బోలని నడిపించే సన్నని వాక్యూమ్ గొట్టాలు ఈ వయసుకి గట్టిపడి పగులుతాయి. రెండో టర్బో అసలు రాకపోతే చాలాసార్లు తప్పు వాటిదే, దాన్ని చూపించి ధర తగ్గించమనండి. నాలుగు టైర్లూ ఒకే రకం, ఒకేలా అరిగి ఉండాలి. రెండు కొత్తవి రెండు పాతవి వేస్తే ముందు వెనక చక్రాలకి పవర్ పంచే మధ్య డిఫరెన్షియల్ పాడవుతుంది. పెట్రోలు 98 తప్ప వేరేది పోయకండి, జపాన్‌లో హైఆక్టేన్ కోసం ట్యూన్ చేసిన ఇంజన్ అది. ఆయిల్ స్టిక్ తరచూ తీసి చూడటం మీ ఇద్దరిలో ఎవరో ఒకరికి అలవాటు కావాలి.

చూడటానికి వెళ్లేముందు అమ్మేవాళ్లకి ఫోన్ చేసి, బండి స్టార్ట్ చేయకుండా ఉంచమనండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే, చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యే తీరు మీకు తెలియకుండా దాస్తున్నట్టే, బేరం కూడా ఆడకుండా వచ్చేయండి.