జట్టుగా చేసే పరిశోధన మా అమ్మాయి చదువుకు అడ్డమా?

ప్రశ్న: మాది ఇందుకూరుపేట మండలం. లీజు చెరువుల్లో వెనామీ రకం రొయ్యల సాగు చేస్తాను. మా అమ్మాయి మత్స్యశాస్త్ర డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. ఈసారి ఒక సబ్జెక్టులో పాఠం చెప్పడానికి బదులు అయిదుగురిని జట్టుగా వేసి, ఒక రైతు చెరువులో సమస్యను మీరే తేల్చండి అన్నారట. వారానికి రెండు రోజులు దానికే పోతున్నాయి, పని చేసేది మాత్రం ఇద్దరే. పీజీ ప్రవేశ పరీక్షకు చదువుకోవాల్సిన సమయంలో ఇది అవసరమా? మాన్పించమని కళాశాలలో అడగవచ్చా?

జవాబు: మాన్పించమని అడగవద్దు. అయితే అడగవలసినది మరొకటి ఉంది, దాని గురించి కింద రాస్తాను.

1994-95 ప్రాంతంలో తెల్లమచ్చ వ్యాధి వచ్చి నెల్లూరు తీరంలో టైగర్ రొయ్య సాగును ఎలా దెబ్బతీసిందో మీకు ఒకరు చెప్పనక్కరలేదు. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక సాగు తీరే మారిపోయింది. రొయ్య ఎదగకుండా చేసే ఈహెచ్‌పీ పరాన్నజీవికి శాస్త్రజ్ఞులు పేరు పెట్టింది కూడా ఆ సంవత్సరంలోనే. అంతకు ముందు పట్టా పుచ్చుకున్నవారి పాఠ్యపుస్తకాల్లో ఆ పేరే లేదు. మీ అమ్మాయి ఉద్యోగంలో చేరాక ఎదురయ్యే జబ్బు కూడా నేటి పుస్తకంలో లేనిదే కావచ్చు. వృత్తి విద్యలో ఇలాంటి చదువు కొత్తదేమీ కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 1969 నుంచే వైద్య విద్యార్థులను చిన్న జట్లుగా కూర్చోబెట్టి, రోగి సమస్య నుంచి పాఠం మొదలుపెట్టింది. మన దేశంలో భారత వ్యవసాయ పరిశోధన మండలి కూడా 2015 నుంచి స్టూడెంట్ రెడీ కార్యక్రమం కింద డిగ్రీ చివరి దశలో క్షేత్ర అనుభవాన్ని చదువులో భాగం చేసింది.

అయితే అయిదుగురూ తలా ఒక అధ్యాయం రాసి బైండింగు చేయిస్తే అది పరిశోధన కాదు. ఒక ఉదాహరణ తీసుకుందాం. పక్కపక్కనే రెండు చెరువులు ఉన్నాయి, పిల్లలు తెచ్చిన హేచరీ (రొయ్య పిల్లల కేంద్రం) ఒకటే, మేత ఒకటే. అరవై రోజులకు ఒకదానిలో పిల్ల చక్కగా ఎదిగింది, రెండోదానిలో చిన్నా పెద్దా కలిసిపోయి కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రావడం లేదు. తొందరపడే జట్టు ఈహెచ్‌పీ అని రాసి చేతులు దులుపుకుంటుంది. నిజంగా విచారించే జట్టులో ముందు ప్రతి ఒక్కరూ తమ అనుమానాన్ని విడిగా రాసి, ఏది కనబడితే ఆ అనుమానం తప్పని ఒప్పుకుంటారో కూడా పక్కనే రాస్తారు. ఆ తరువాత ఒకరు తెల్లవారుజామున, ఆక్సిజన్ బాగా పడిపోయే వేళకు గట్టు మీద ఉండి కొలుస్తారు. ఒకరు మేత వేసిన రెండు గంటలకు చెక్ ట్రే (మేత తింటున్నాయో లేదో చూడడానికి చెరువులో దించే పళ్లెం) ఎత్తి ఎంత మిగిలిందో చూస్తారు, గాలి తోసే మూలన రొయ్యల తెల్లటి మలం దారాలుగా తేలుతోందేమో గమనిస్తారు. మరొకరు రెండు చెరువుల రొయ్యలనూ పీసీఆర్ పరీక్షకు (జన్యు పదార్థాన్ని బట్టి వ్యాధికారక జీవిని పట్టే ల్యాబు పరీక్ష) పంపుతారు. రెండింటిలోనూ ఈహెచ్‌పీ ఉందని ఫలితం వచ్చిందనుకోండి, అప్పుడు తేడాకు ఆ ఒక్క కారణమే చాలదని తేలిపోతుంది, జట్టు మళ్లీ మొదటికి వచ్చి పరాన్నజీవి ఎంత మోతాదులో ఉందో, ఆక్సిజన్ ఎక్కడ తగ్గిందో వెతకవలసి వస్తుంది. ఈ చదువులో అసలు ఫలం అక్కడే ఉంది.

రైతును కూడా జట్టులో సభ్యుడిగా కూర్చోబెట్టాలి. గత పంట పట్టిన తరువాత చెరువు అడుగు ఎండనివ్వకుండా, సున్నం చల్లకుండానే నీళ్లు పెట్టేశానన్న మాట, ఫారం పట్టుకుని వచ్చి ప్రశ్నలు అడిగేవారికి ఏ రైతూ చెప్పడు (మీరు చెబుతారా?). బురదలో మిగిలిన పరాన్నజీవి బీజాలు తరువాతి పంటకు అంటుకుంటాయి కాబట్టి ఆ ఒక్క మాట ఎన్నో పరీక్షల పెట్టు.

ఇద్దరే పని చేస్తున్నారన్న మీ ఫిర్యాదు మాత్రం న్యాయమైనదే. ఏ రోజు ఎవరు ఏమి కొలిచారు, ఎవరి అభిప్రాయం ఎందుకు మారింది అన్నది రాసే నోటుబుక్కు ఒకటి జట్టుకు ఉండాలనీ, మార్కులు నివేదికకే కాక ఆ నోటుబుక్కు ఆధారంగా విడివిడిగా జరిపే మౌఖిక పరీక్షకు కూడా వేయాలనీ అధ్యాపకులను కోరండి. అది న్యాయమైన కోరిక. అధ్యాపకులు జవాబు చెప్పకపోవచ్చు కానీ, జట్టు దారి తప్పినప్పుడు సరైన ప్రశ్న వేయడానికి అందుబాటులో ఉండాలి. అదీ లేకపోతే అది బోధన కాదు, వదిలించుకోవడమే.

పీజీ ప్రవేశ పరీక్షకు ఈ పని నేరుగా మార్కులు తెచ్చిపెట్టదు, ఆ సంగతి దాచను. కొలతల వంతులు వేసుకుంటే చెరువు దగ్గరికి వెళ్లడం వారానికి ఒక రోజుకు తగ్గుతుంది, మిగిలిన రోజు పరీక్షకు కేటాయించుకోవచ్చు. మేత కంపెనీలోనో, హేచరీలోనో, ల్యాబులోనో ఉద్యోగానికి వెళ్లినప్పుడు మాత్రం, రొయ్యలు చనిపోతున్న చెరువు గట్టున మొదట ఏమి చూస్తావని అడిగితే ఆమెకు సొంత జవాబు ఉంటుంది.

చివరగా ఒక మాట: జట్టుకు మీ చెరువునే ఇవ్వాలని మీకు అనిపించవచ్చు, ఇవ్వకండి. తండ్రి చేసిన పొరపాటును నలుగురిలో రాయడానికి ఆమె జంకుతుంది, మీరు కూడా మధ్యలో కలుగజేసుకోకుండా ఉండలేరు. పక్క రైతును ఒప్పించి పెట్టండి.