ఊరి ఉమ్మడి సంరక్షణ క్షేత్రంలో ఏమేం ఉండాలి, దేనికి వాడుకోవచ్చు?

ఉదయగిరి వైపు మెట్టలో సంఘం పేరిట 30 ఎకరాలు ఉందని, చిల్లకంప (సర్కారు తుమ్మ) పట్టిపోయిందని, దాన్ని ఊరికి పనికొచ్చేలా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. ఈ మెట్టలో ఇలాంటి భూములు చూసుకునేవాళ్లం గట్టిగా చెప్పేది ఒకటే: ముందు మేతకు కట్టడి, ఆ తర్వాతే మొక్కలు. చుట్టూ కంచె వేసి మొక్కలు నాటి వదిలేస్తే, మేత కరువైన ఎండాకాలంలో కంచె తెగుతుంది. గొర్రెల కాపరికి లోపల వంతు లేనప్పుడు కంచె నిలవదు.

సగానికి కాస్త ఎక్కువగా, 16 ఎకరాలు మేతకు వదిలి నాలుగు ముక్కలు చేయండి. ఏటా ఒక ముక్కను తొలకరి నుంచి గడ్డి గింజ రాలేదాకా, అంటే డిసెంబరు దాకా మూసేయాలి. మిగతా మూడింట్లో వంతులవారీగా మేపుకోవాలి. ఏ ముక్క మూయాలో కాపరులే తేల్చుకోవాలి, అప్పుడే మాట నిలుస్తుంది. వానాధారపు బీడు ఎకరాకు రెండు గొర్రెలకు మించి ఏడాది పొడుగునా చాలదు.

మూసిన ముక్కలో స్టైలో (పప్పుజాతి మేత మొక్క), అంజన్ గడ్డి చల్లండి, ఎకరాకు ఒక్కొక్కటి 3 కిలోల దాకా. స్టైలో గింజ తొక్క గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో 4 నిమిషాలు ఉంచి, తర్వాత రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. మరిగే నీళ్లలో వేస్తే గింజ చస్తుంది. అంజన్ గింజ నూగుగా ఉండి గాలికి ఎగిరిపోతుంది కాబట్టి తడి మన్నులో కలిపి చల్లాలి. సెంటీమీటరు కన్నా లోతున పడితే మొలవదు.

చిల్లచెట్టు నేల మట్టానికి నరికితే మళ్లీ గుబురుగా లేస్తుంది. మొదలు చుట్టూ తవ్వి, నేలకు అడుగు లోతున వేరు తెంపాలి. మొత్తం ఒక్కసారే తీసేస్తే ఎర్రనేల వానకు కొట్టుకుపోతుంది, ఊళ్లో పొయ్యికట్టెలకూ ఇబ్బందే. ఏటా కొంత చొప్పున తీయండి. కాయలు తిన్న మందను వారంపాటు లోపలికి రానివ్వకూడదు, పెంటలోనే గింజలు వస్తాయి. ప్రతి వాన తర్వాత మొలకలు పీకే పని కొన్నేళ్లు తప్పదు.

వాలు మీద కందకాలు: 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 45 సెంటీమీటర్ల లోతు. ఒక్కోదానిలో 800 లీటర్ల నీళ్లు పడతాయి. పై వరస కందకాల మధ్య ఖాళీకి ఎదురుగా కింది వరస కందకం రావాలి. తీసిన మట్టి కింది వైపు, అంచుకు జానెడు దూరంలో వేయాలి. కందకం అడుగుభాగం సమానంగా లేకపోతే నీళ్లన్నీ ఒక మూలకు చేరి అక్కడే గండి పడుతుంది. ఈ ప్రాంతంలో పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి కాబట్టి సెప్టెంబరుకల్లా తవ్వకం ముగియాలి. కుంటకు కలుజు (ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి) కట్టకుండా కట్ట మాత్రం వేయొద్దు, ఒక్క వాయుగుండంతో కట్ట పోతుంది.

మిగిలిన చోట విత్తన కొట్టు (విత్తనాలు దాచి ఊరికి పంచే చోటు) పెట్టుకోండి: సజ్జ, కొర్ర, వరిగ, కంది. కొట్టులో పెట్టేముందు బాగా ఎండబెట్టాలి. విత్తనం ఇచ్చేముందు 100 గింజలు తడిగుడ్డలో మూటగట్టి చూడండి, 70 కన్నా తక్కువ మొలిస్తే ఆ విత్తనం పంచొద్దు. గట్ల మీద వేప, సీతాఫలం వేస్తే వేపగింజల మీద, పండ్ల మీద వచ్చే డబ్బు కాపలా కూలికి పనికొస్తుంది.

ఊరి ఆవులకు ఒంగోలు ఆబోతును ఉంచితే మంచిది, 50 ఆవుల దాకా ఒకటి చాలు. ప్రకాశం జిల్లా చదలవాడలోని ప్రభుత్వ పశుక్షేత్రం ఈ జాతికోసమే ఉంది, అక్కడ అడగొచ్చు. మూడేళ్లకోసారి ఆబోతును మార్చాలి, లేకపోతే దాని పెయ్యలే ఎదకొచ్చి దానికే కట్టి జాతి దెబ్బతింటుంది.

భూమిలో కొంత మేత పోరంబోకు (పశువుల మేతకు వదిలిన ప్రభుత్వ భూమి) కలిసి ఉందేమో రికార్డుల్లో చూడండి. ఉంటే కంచెకు ముందే గ్రామసభ తీర్మానం రాయించుకోండి. ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మండలాఫీసులో మాట్లాడేటప్పుడు ఆ తీర్పు ప్రతి దగ్గర పెట్టుకోండి.