మంచి నాణ్యతతో చేసిన ఫ్రీ గేమ్‌లో, ఆట పాడవకుండా యాడ్స్ పెట్టడం ఎలా?

ఫ్రీ గేమ్‌లో డబ్బు పెట్టి కొనేవాళ్లు తక్కువ, యాడ్స్ పెడితేనేమో ఆట చవకబారుగా కనిపిస్తుందన్న భయం. రివార్డెడ్ వీడియోతో, అంటే చూస్తే ఆటలో బహుమతి దక్కే యాడ్‌తో మొదలుపెట్టండి. బ్యానర్ జోలికే పోవద్దు. దాని ఈసీపీఎం (వెయ్యిసార్లు యాడ్ చూపిస్తే వచ్చే ఆదాయం) తక్కువ, పైగా అంత శ్రద్ధగా గీసిన స్క్రీన్ అడుగున ఎప్పుడూ అతుకులా కనిపిస్తుంది. రివార్డెడ్‌లో ఆడేవాళ్లే కావాలని బటన్ నొక్కి చూస్తారు, అందుకే విసుగు ఉండదు.

బటన్ ఎక్కడ పెట్టాలన్నదే అసలు విషయం. ఓడిపోయాక అక్కడినుంచే కొనసాగించడానికి, లెవెల్ చివర నాణేలు రెట్టింపు చేసుకోవడానికి పెడితే బాగా పనిచేస్తుంది. మెనూలో ఓ మూల పెడితే ఎవరూ చూడరు. షాపులో డబ్బుకు అమ్మే వస్తువును మాత్రం బహుమతిగా ఇవ్వకండి. షాపులో చిన్న ప్యాక్ 100 రత్నాలనుకుందాం. యాడ్‌కు 5 చొప్పున రోజుకు 5 యాడ్స్ చూడనిస్తే, నాలుగు రోజుల్లో ఆ ప్యాక్ ఉచితంగా వచ్చేస్తుంది. ఇక కొనేదెవరు? ఆటలో మామూలుగా దొరికే నాణేలో, కాసేపు ఉండే బూస్టో ఇవ్వండి.

ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది "యాడ్ చూశాను, బహుమతి రాలేదు" అని. యాడ్ మూసినప్పుడు మీ కోడ్‌కు వచ్చే కబురు (కాల్‌బ్యాక్) వేరు, బహుమతి దక్కిన కాల్‌బ్యాక్ వేరు. మూసినప్పుడు ఇచ్చేస్తే మధ్యలో మానేసినవాళ్లకూ అందుతుంది. బహుమతి కాల్‌బ్యాక్‌లోనే ఇచ్చి, వెంటనే సేవ్ చేయండి. కొన్ని యాడ్ నెట్‌వర్క్‌లలో (యాడ్స్ అందించే సంస్థల్లో) ఇది యాడ్ మూసిన తర్వాత వస్తుంది. కాబట్టి మూయగానే "బహుమతి లేదు" అని చూపించకుండా ఒకటి రెండు సెకన్లు ఆగండి. యాడ్ నడుస్తున్నంతసేపూ ఆటనూ శబ్దాన్నీ ఆపాలి.

యాడ్‌ను ముందే లోడ్ చేసి ఉంచండి, సిద్ధంగా లేకపోతే బటన్ దాచేయండి. గూగుల్ యాడ్ నెట్‌వర్క్ యాడ్‌మాబ్‌లో లోడ్ చేసిన రివార్డెడ్ యాడ్ గంట దాటితే చెల్లదు, మళ్లీ తెప్పించాలి. లోడ్ విఫలమైతే వెంటవెంటనే అడగకుండా 2, 4, 8 సెకన్లు అంటూ వ్యవధి పెంచుకుంటూ పోండి.

ఇంటర్‌స్టీషియల్ (స్క్రీన్ అంతా కప్పేసే యాడ్) తప్పదనుకుంటే లెవెల్ అయి, ఫలితం చూపించాక మాత్రమే పెట్టండి. ఆట మధ్యలోనో లెవెల్ మొదలవుతుండగానో హఠాత్తుగా వచ్చేవాటిని, 15 సెకన్ల తర్వాత కూడా మూయడం కుదరనివాటిని గూగుల్ ప్లే ఒప్పుకోదు. మొదటి కొన్ని లెవెల్స్ వదిలేయండి, రెండింటి మధ్య కనీసం రెండు మూడు నిమిషాల ఎడం ఉంచండి. ఒక్కసారి ఏదైనా కొన్నవాళ్లకు వీటిని పూర్తిగా ఆపేయండి. రివార్డెడ్ మాత్రం ఉంచండి, కొన్నవాళ్లూ దాన్ని వాడుకుంటారు.

ఆదాయాన్ని ముందే అంచనా వేసుకోవచ్చు. రోజుకు 10,000 మంది ఆడుతూ, అందులో 40 శాతం మంది తలా 3 యాడ్స్ చూస్తే 12,000 ఇంప్రెషన్లు, అంటే యాడ్ అన్నిసార్లు కనిపించినట్టు. ఈసీపీఎం 5 డాలర్లయితే రోజుకు 60 డాలర్లు. ఈసీపీఎం దేశాన్ని బట్టి బాగా మారుతుంది, దేశాలవారీగా విడిగా చూడండి. యాడ్స్ పెట్టాక మర్నాడు, వారం తర్వాత తిరిగొచ్చేవాళ్ల శాతం పడిపోతుంటే, ఆదాయం పెరిగినా ఆ మార్పు వెనక్కి తీసుకోండి.

మొదట ఒక్క నెట్‌వర్క్ చాలు. జనం పెరిగాక యాప్‌లవిన్ మ్యాక్స్ లాంటి మీడియేషన్‌కు (చాలా నెట్‌వర్క్‌లను ఒకచోట కలిపే సేవకు) మారితే నెట్‌వర్క్‌లు ప్రతి ఇంప్రెషన్‌కూ పోటీపడి వేలం పాడతాయి. కలిపే ప్రతి ఎస్‌డీకేతో (నెట్‌వర్క్ ఇచ్చే కోడ్ ప్యాకేజీతో) యాప్ సైజు, క్రాష్ అయ్యే అవకాశం కూడా పెరుగుతాయి. పరీక్షించేటప్పుడు టెస్ట్ యాడ్ ఐడీలే వాడండి. సొంత యాడ్స్‌ మీద మీరే నొక్కితే ఖాతా నిలిపేయవచ్చు.