బర్బన్ అనే అమెరికా విస్కీ రుచి సమంగా ఉందా, ధర న్యాయమైనదేనా అని ఎలా తెలుస్తుంది?
బర్బన్‌లో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలని, లోపల కాల్చిన కొత్త ఓక్ పీపాల్లోనే నిల్వ చేయాలని అమెరికా చట్టం. తీపి మొక్కజొన్నది, వనిలా వాసన, వగరు పీపావి. నోరు కాస్త తెరిచి వాసన చూడండి, చుక్క నీరు కలిపి మళ్లీ చప్పరించండి. ముందు తీపి, వెనకే రై (గోధుమ లాంటి ధాన్యం) గింజల ఘాటు, చివర కొద్దిపాటి వగరు తెలిసి, ఏదీ మరొకదాన్ని మింగేయకపోతే అదే సమతూకం. గొంతులో మంట ఒక్కటే మిగిలితే కాదు.

ధర విషయంలో సీసా అందం కాదు, లేబుల్ చూడండి. ‘బాటిల్డ్ ఇన్ బాండ్’ అంటే 1897 నాటి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో తయారై, కనీసం 4 ఏళ్లు పీపాలో ఉండి, 50 శాతం ఆల్కహాల్‌తో సీసాలోకి వచ్చినదని. నా కొలబద్ద అదే. అలాంటి సీసా ధరకు మించి అడిగితే ఆ తేడా నాలుకకు తెలియాలి. వయసు పెరిగిన కొద్దీ మేలని నమ్మవద్దు. బర్బన్ ఎక్కువగా తయారయ్యే కెంటకీ రాష్ట్రపు వేసవి వేడికి చెక్క చేదు కూడా దిగుతుంది.