టెస్టర్‌గా చేరబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

మంచి సాఫ్ట్‌వేర్ టెస్టర్‌కు ఏ గుణాలు ఉండాలని అడిగావు. ఓర్పు, శ్రద్ధ అని చాలామంది చెబుతారు. అవి అవసరమే కానీ, ఏ ఉద్యోగానికైనా అవసరమే. ప్రోగ్రాం రాసినవారు ఎవరినీ అడగకుండా నిజమని అనుకున్నవేమిటో పసిగట్టి, అవి నిజం కాకపోతే ఏమవుతుందో చూసే అలవాటే ఈ పనికి అసలైన పెట్టుబడి అని నా అభిప్రాయం.

ఉదాహరణకు, 1996 జూన్ 4న ఏరియాన్ 5 రాకెట్ తన తొలి ప్రయోగంలో బయలుదేరిన దాదాపు 40 సెకన్లకే గతి తప్పి ముక్కలైంది. అందులోని దిశానిర్దేశక సాఫ్ట్‌వేర్‌ను ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నారు. పాత రాకెట్‌లో ఒక విలువ దానికి కేటాయించిన 16 బిట్ల చోటులో ఎప్పుడూ సరిపోయేది. అంతకంటే వేగంగా దూసుకుపోయే కొత్త రాకెట్‌లో సరిపోలేదు. కొత్త ప్రయాణపథంతో ఆ భాగాన్ని ముందే పరీక్షించి ఉంటే లోపం నేలమీదే బయటపడేది. అందుకే "ఇది పాత కోడే, అక్కడ బాగానే నడుస్తోంది" అని ఎవరైనా అన్నప్పుడు నువ్వు నిశ్చింతపడకూడదు, అక్కడికీ ఇక్కడికీ ఏం మారిందని అడగాలి.

రోజువారీ పనిలో ఈ అలవాటు చిన్న విషయాల్లోనే కనిపిస్తుంది. వయసు 18 నుంచి 60 వరకు ఉండాలని స్పెసిఫికేషన్‌లో, అంటే ప్రోగ్రాం ఎలా పనిచేయాలో చెప్పే పత్రంలో, రాసి ఉంటే 30 ఇచ్చి చూడటం ఎవరైనా చేస్తారు. 17, 18, 60, 61 ఇచ్చి చూడు; ఖాళీగా వదిలి చూడు; అంకెకు ముందు ఒక స్పేస్ పెట్టి చూడు. ఆ వయసును ఏ రోజు నాటికి లెక్కిస్తున్నారని అడుగు, ఫిబ్రవరి 29న పుట్టినవారి సంగతేమిటని కూడా అడుగు. చివరి రెండు ప్రశ్నలకు చాలాసార్లు స్పెసిఫికేషన్‌లో జవాబే ఉండదు. అంటే కోడ్ రాయకముందే ఒక బగ్, అంటే లోపం, దొరికినట్టు.

దొరికిన బగ్‌ను మళ్ళీ రప్పించగలగడం ఇంకా కష్టమైన విద్య. థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985-87 మధ్య కొందరు రోగులకు ప్రాణాంతకమైన మోతాదు ఇచ్చింది. 1986లో టెక్సస్‌లోని ఒక ఆసుపత్రిలో అక్కడి తొలి ప్రమాదం జరిగినప్పుడు, తయారీ సంస్థ ఇంజినీర్లు వచ్చి ఎంత ప్రయత్నించినా తెరపై కనిపించిన ఆ లోపం మళ్ళీ రాలేదు. రెండో ప్రమాదం తర్వాత అక్కడి భౌతికశాస్త్రవేత్త, ఆ యంత్రాన్ని నడిపిన ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె ఏ మీటలు ఏ క్రమంలో నొక్కిందో అదే క్రమంలో పదేపదే నొక్కించాడు. చేయి తిరిగిన ఆపరేటర్ పొరపాటున టైప్ చేసిన అక్షరాన్ని కొద్ది సెకన్లలోనే వెనక్కి వెళ్ళి దిద్దితే, ఆ దిద్దుబాటును యంత్రం పూర్తిగా అందుకోలేకపోతోందని తేలింది. నిదానంగా టైప్ చేసేవారికి ఆ లోపం ఎన్నటికీ కనిపించదు. కాబట్టి ఏం నొక్కారన్నదే కాక ఎంత వేగంగా, దేని తర్వాత నొక్కారన్నది కూడా రాసిపెట్టుకో. వాడేవారి పక్కన కూర్చుని చూసే అవకాశం దొరికితే వదులుకోకు.

బగ్ రిపోర్టు విషయంలో నేను కాస్త చాదస్తుణ్ణే. "సేవ్ పనిచేయడం లేదు" అన్నది ఫిర్యాదు మాత్రమే. ఏ బిల్డ్ (ప్రోగ్రాం ఏ వెర్షన్), ఏ బ్రౌజర్, ఏ లాగిన్, ఏయే మెట్లు, ఏం జరగాలి, ఏం జరిగింది అన్నవి ఉంటేనే అది రిపోర్టు అవుతుంది. "పేరులో అపాస్ట్రఫీ ఉంటే సేవ్ నొక్కగానే పేజీ ఖాళీ అవుతోంది, అది తీసేస్తే సేవ్ అవుతోంది" అని రాస్తే డెవలపర్ పని సగం అయినట్టే. ఇలాంటి వాక్యం కోసం నువ్వు ఇంకో పావుగంట వెచ్చించాల్సి వస్తుంది, వెచ్చించు. రిపోర్టులో మనుషుల ప్రస్తావన వద్దు. తప్పు కోడ్‌లో ఉందని రాయాలే కానీ ఎవరి నిర్లక్ష్యమో రాయకూడదు. "నా మెషీన్‌లో బాగానే ఉంది" అని డెవలపర్ అంటే వాదించకుండా, రెండు మెషీన్లకూ తేడా ఏమిటో ఇద్దరూ కలిసి వెతకండి, బగ్ సాధారణంగా ఆ తేడాలోనే ఉంటుంది.

ఆటోమేషన్, అంటే పరీక్షలను స్క్రిప్టులతో నడిపించడం, నేర్చుకో. రిగ్రెషన్‌కు, అంటే కొత్త మార్పు పాతవాటిని చెడగొట్టిందేమో మళ్ళీ చూడటానికి, అది లేకుండా గడవదు. అయితే స్క్రిప్టు తనకు చెప్పినదాన్నే చూస్తుంది. బటన్ పనిచేస్తూనే సగం తెర అవతలికి జరిగిపోయినా పాస్ అనే చూపించవచ్చు.

రిలీజ్‌కు ముందు "అంతా బాగున్నట్టేనా?" అని మేనేజర్ తప్పక అడుగుతారు. పరీక్షలతో బగ్‌లు ఉన్నాయని చూపగలమే కానీ లేవని నిరూపించలేమని కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా ఏనాడో చెప్పాడు కనుక, అవునని ఒక్క మాటలో అనకు. ఏవి పరీక్షించావో, వేటికి సమయం చాలలేదో, తెలిసిన బగ్‌లలో ఏది ఎవరిని ఇబ్బంది పెడుతుందో చెప్పు. విడుదల నిర్ణయం వారిది, ఆ నిర్ణయానికి కావలసిన నిజం ఇవ్వడం నీ పని.

చేరాక డెవలపర్లు నీకు తిప్పి పంపిన రిపోర్టులు ఏవైనా ఉంటే, కంపెనీ వివరాలు తీసేసి నాకు పంపు. ఎక్కడ సరిపోలేదో కలిసి చూద్దాం.