చిన్న పెళ్లే, కానీ మీ లెక్కలో ఒక్క రోజే ఉంది

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. ప్రైవేటు ఉద్యోగం, నెలకు చేతికొచ్చేది 46,000. నాన్నగారు లేరు. మే మొదటి వారంలో మా చెల్లి పెళ్లి, ఇంకా ఏడు వారాలుంది. మంగళగిరిలో గుళ్లో ముహూర్తం, మధ్యాహ్నం మా మేడ మీద 120 మందికి భోజనాలు. ఖర్చు 2,80,000 అని లెక్క వేశాను. సేవింగ్స్‌లో 1,60,000 ఉంది. నాకూ అమ్మకూ కలిపి 3,00,000 ఎఫ్‌డీ ఉంది. 7.1 శాతం వడ్డీకి రెండేళ్లకు వేసింది, 19 నెలలు గడిచాయి. దాన్ని మధ్యలో తీసేయడమా, 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకుని చదివింపులతో కొంత తీర్చడమా, అమ్మ నగలు తాకట్టు పెట్టడమా? చీటీ కూడా ఒకటి నడుస్తోంది.

జవాబు: డబ్బు ఎక్కడ తేవాలో తర్వాత చూద్దాం. ముందు మీరు పంపిన జాబితా సంగతి. భోజనాలు ప్లేటు 320 చొప్పున 38,400, బట్టలు 70,000, ఫొటో వీడియో 45,000, షామియానా కుర్చీలు 28,000, పాత బంగారం మార్చి పుస్తెలు, గొలుసు చేయించడానికి 25,000, పూలు 18,600, పురోహితుడికీ గుడికీ మేళానికీ కలిపి 22,000, రిటర్న్ గిఫ్టులు 18,000, బండ్లు 15,000. కూడిక సరిగ్గానే ఉంది. కానీ ఇదంతా పెళ్లిరోజు ఖర్చే. దానికి ముందు మూడు రోజులూ, తర్వాత మూడు వారాలూ ఇందులో లేవు. చిన్న పెళ్లిళ్లలో అప్పు పుట్టేది సాధారణంగా అక్కడే. పెద్ద ఖర్చులకు కొటేషన్ ఉంటుంది, బేరం ఉంటుంది. మిగతావాటికి జేబులో చెయ్యి పెట్టి ఇచ్చేయడమే.

మీ జాబితాలో లేనివి ఇవి. ముందే దిగే చుట్టాలు ఇరవై మందికి మూడు రోజుల టిఫిన్లు, భోజనాలు: 12,000. ఎండాకాలం కాబట్టి జనరేటరు, కూలర్లు: 10,000. సత్యనారాయణ వ్రతం, ఆ పూట భోజనాలు: 8,000. సారె, మనుగుడుపులు: 15,000. చిల్లర ఖర్చులు: 15,000. మొత్తం 60,000. అంటే మీ అసలు బడ్జెట్ 3,40,000.

ఆ చిల్లర ఖర్చుల 15,000 ఎక్కువ అనిపించవచ్చు. అందులో ఏమేం ఉంటాయో చూడండి. కొబ్బరాకులు, అరటి పిలకలు, మామిడి తోరణాలు తెచ్చిన ఆటో. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు పన్నెండు, మేలో అంతకు తగ్గదు. మజ్జిగలోకి ఐస్. మేడ కడిగినవాళ్లకు, మర్నాడు విస్తళ్లు ఎత్తినవాళ్లకు, కరెంటు కుర్రాడికి ఇచ్చేవి. పురోహితుడు చివరి నిమిషంలో రాయించే పూజసామాను. రైల్వే స్టేషన్ నుంచి, బస్టాండు నుంచి చుట్టాలు ఎక్కి వచ్చే ఆటోలు. ఈ డబ్బు ముందురోజే బ్యాంకు నుంచి 500, 100, 50 నోట్లుగా తెచ్చి, ఒక సంచీ, ఒక నోటుపుస్తకం కలిపి ఒక్క మనిషి చేతిలో పెట్టండి. పెళ్లికొడుకు వైపు మర్యాదలకు తిరిగే మీరు ఆ మనిషి కాకూడదు. లెక్క అడగగలిగిన బాబాయి గానీ, ఖర్చుకు వెనకాడే పిన్ని గానీ అయితే మంచిది. ఇద్దరి చేతుల్లో ఉంటే ఒకే ఆటోకి రెండుసార్లు డబ్బులు పోతాయి.

మేడ మీద భోజనాల గురించి ఒక మాట. మేలో గుంటూరు మధ్యాహ్నం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. షామియానా ఎండని ఆపుతుంది గానీ సెగని ఆపదు. పైగా ఇంటి సింగిల్ ఫేజ్ కనెక్షన్ మీద లైట్లు, కూలర్లు, నీళ్ల మోటారు, కింది గదుల్లో ఏసీలు అన్నీ ఒకేసారి పడితే వడ్డన మధ్యలో ఫ్యూజు పోతుంది. జనరేటరు మాట్లాడేటప్పుడు డీజిల్ ఎవరిదో కాగితం మీద రాయించుకోండి. అద్దె తక్కువ చెప్పి డీజిల్ విడిగా వేయడం మామూలే. దగ్గర్లో చిన్న ఏసీ హాలు ఒక పూటకు దొరికితే షామియానా 28,000, జనరేటరు 10,000 కలిపి దాని అద్దెతో పోల్చి చూడండి. పెద్ద తేడా లేకపోతే హాలే మేలు.

క్యాటరింగ్ వాళ్లకు 120 అని మాట ఇవ్వకండి. వందకు ఖాయం చేసుకుని, పైన ఇరవై ప్లేట్ల దాకా అదే రేటుకి ఇచ్చేలా ఒప్పుకోండి. అంతకు మించితే ప్లేటు ఎంతో కూడా ఇప్పుడే తేల్చుకోవాలి, లేదంటే ఆ రోజు వాళ్లు చెప్పిందే రేటు. శుభలేఖ మీద సకుటుంబ సపరివార సమేతంగా అని అచ్చు వేసి 60 కార్డులు పంచితే 120 మంది ఎలా అవుతారు? కార్డుల్ని కాదు, ఇంటింటికీ మనుషుల్ని లెక్కపెట్టండి. ముందు రోజుల భోజనాలకు మాత్రం క్యాటరింగ్ వద్దు. వంటమనిషిని పెట్టుకుంటే పాతిక మందికి పూటకి 3 కేజీల బియ్యం, ముప్పావు కేజీ కందిపప్పు, 3 లీటర్ల పెరుగు సరిపోతాయి.

బట్టల 70,000లో పెళ్లిచీర సంగతి మీ ఇష్టం. తగ్గించగలిగింది చుట్టాలకు పెట్టే చీరల దగ్గర. విజయవాడ వన్‌టౌన్ వస్త్రలతలో హోల్‌సేల్ కొట్లున్నాయి, ఒకే రకం డజను తీసుకుంటే విడి ధరకన్నా తగ్గుతుంది. జాకెట్ల కుట్టుకూలి వేరే రాసుకోండి. మగ్గం వర్క్ పెట్టిస్తే జాకెట్టు ఖర్చు చీర ధరను దాటిపోతుంది. ముహూర్తాల రోజుల్లో టైలరు చేతిలో నాలుగు వారాలైనా ఉండాలి, ఆలస్యమైతే అర్జెంటు కూలి అదనం. ఫొటో వీడియో 45,000 మాత్రం మీ పెళ్లి స్థాయికి ఎక్కువ. గుళ్లో ముహూర్తానికీ భోజనాలకూ ఒక పూట ఒక మనిషి చాలు, డ్రోను అక్కర్లేదు. ఇందులో మిగిలిందాన్ని ఇంకో ఖర్చుకి మళ్లించకండి.

పాత బంగారం మార్చేటప్పుడు రాళ్లు, నల్లపూసలు తీసేసి మీ ఎదురుగానే తూకం వేయించండి, కరిగించాక మళ్లీ చూడండి. తరుగు శాతం ముందే అడగాలి. 16 గ్రాముల గొలుసుకి 12 శాతం తరుగంటే 1.92 గ్రాముల బంగారం ధర అదనంగా కడుతున్నట్టు. కొత్త నగ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22 క్యారెట్ల స్వచ్ఛతను చెప్పే 22కే916, ఆ ఒక్క నగకే చెందిన ఆరు అక్షరాలూ అంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ ఉండాలి. ఆ హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. పుస్తెల్లో ఒకటి అత్తవారి వైపు నుంచి రావడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. మీ రెండిళ్ల పద్ధతి కనుక్కున్నాకే ఆర్డరివ్వండి.

ఇప్పుడు డబ్బు. సేవింగ్స్‌లోంచి లక్ష తీయండి, 60,000 ముట్టుకోకండి. అమ్మగారికి ఆ ఎండలో ఏదైనా ఇబ్బంది వస్తే ఆసుపత్రి అడ్వాన్సు దాన్లోంచే కట్టాలి. మిగతా 2,40,000కి ఎఫ్‌డీని మధ్యలో తీయొద్దు, దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి, అంటే ఎఫ్‌డీని హామీగా పెట్టి అవసరమైనప్పుడల్లా కొంత కొంత వాడుకునే అప్పు.

లెక్క ఇదీ. చక్రవడ్డీ పక్కన పెడదాం. మధ్యలో తీస్తే బ్యాంకు 7.1 ఇవ్వదు. డబ్బు ఎంతకాలం ఉందో ఆ కాలానికి, మీరు వేసిన రోజున్న రేటు తీసుకుని దాంట్లోంచి జరిమానా కోస్తుంది. ఆ రేటు 6.8, జరిమానా 1 శాతం అనుకుంటే మిగిలేది 5.8. మూడు లక్షలకు 19 నెలల వడ్డీ 27,550. ఆ మూడు లక్షల్లో 2,40,000 వాడగా మిగిలే 60,000కి సేవింగ్స్‌లో ఐదు నెలలకు ఆరేడు వందలు వస్తాయి. తీయకుండా ఉంటే గడువు నాటికి వడ్డీ 42,600. ఎఫ్‌డీ మీద అప్పుకి వడ్డీ సాధారణంగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ. 8.1 అనుకుంటే 2,40,000కి ఐదు నెలలకు 8,100. అది పోను మీకు మిగిలేది 34,500. అంటే తీయకపోవడం వల్ల ఆరు వేల పైచిలుకు లాభం. పైగా ఓవర్‌డ్రాఫ్ట్‌లో వాడినంతకే, వాడిన రోజులకే వడ్డీ. ఏడు వారాల్లో విడతలుగా తీస్తారు కాబట్టి 8,100 కూడా కాదు. ఎఫ్‌డీలో అమ్మగారి పేరు కూడా ఉంది కనుక ఇద్దరి సంతకాలూ కావాలి. పెళ్లి పనుల్లో ఆమెకు తీరిక ఉండదు, ఈ వారమే వెళ్లి రండి.

పర్సనల్ లోన్ 2,40,000 రెండేళ్లకు 14 శాతానికి అయితే నెలకు సుమారు 11,520. వడ్డీయే 36,500 దాటుతుంది. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్‌టీ కలిపితే మరో 5,664. మీ జీతంలో నాలుగో వంతు రెండేళ్లు దానికే పోతుంది. బంగారం తాకట్టు అంత చెడ్డది కాదు, కానీ హారం బ్యాంకు లాకర్లో పెట్టి అమ్మగారు కూతురి పెళ్లిలో బోసి మెడతో నిలబడాలి. దాన్ని రెండో దారిగా ఉంచుకోండి. చీటీ పాడితే కోత ఎంతో పాట రోజుగానీ తెలియదు, పాట వచ్చాక జామీనుదార్లను తెచ్చి కాగితాలు పూర్తిచేసేసరికి ముహూర్తం దాటిపోవచ్చు. నడవనివ్వండి.

చదివింపులతో అప్పు తీర్చే ఆలోచన మానుకోండి. అవి బిల్లులన్నీ కట్టాక వస్తాయి, ఎంత వస్తాయో ఎవరూ చెప్పలేరు, రేపు వాళ్ల ఇళ్లలో శుభకార్యానికి మీరు తిరిగి పెట్టాల్సినవే. ఎవరు ఎంత రాశారో ఆ పుస్తకం జాగ్రత్తగా దాచండి. పన్ను సంగతికొస్తే, పెళ్లి సందర్భంగా వధూవరులకు అందిన బహుమతుల మీద ఆదాయపు పన్ను లేదు, పరిమితి కూడా లేదు. ఆ మినహాయింపు వాళ్లిద్దరికే. చుట్టరికం లేనివాళ్లు మీ పేరున ఇచ్చినవి ఏడాదిలో 50,000 దాటితే మొత్తం మీ ఆదాయంలో కలుస్తుంది. అందుకని చెల్లికి వచ్చింది చెల్లి ఖాతాలోనే వేయండి. ఒక్క మనిషి దగ్గర్నుంచి ఒకే శుభకార్యానికి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు. జరిమానా పడేది డబ్బు తీసుకున్నవాళ్లకే, అదీ తీసుకున్నంత మొత్తం. మేనమామ అంత పెట్టదలిస్తే చెక్కు గానీ ట్రాన్స్‌ఫర్ గానీ అడగండి. బహుమతులు ఎవరు ఏమిచ్చారో విలువతో సహా రాసి ఉంచాలని వరకట్న నిషేధ చట్టం కింద 1985 నిబంధనలు కూడా చెబుతున్నాయి.

అందరికీ వాట్సాప్‌లో పిలుపు పంపినా పాతిక శుభలేఖలు అచ్చు వేయించండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి రిజిస్ట్రేషన్‌కి కార్డు, పెళ్లి ఫొటో, వయసు ధ్రువీకరణ, సాక్షులు కావాలి. గుళ్లో ఇచ్చే రసీదు కూడా ఆ ఫైల్లోనే పెట్టండి. చెల్లి ఉద్యోగం చేస్తుంటే పెళ్లయ్యాక పీఎఫ్ నామినేషన్ కొత్తగా ఇవ్వాలి.

ఆగస్టులో ఎఫ్‌డీ గడువు తీరుతుంది. ఆటో రెన్యువల్ పెట్టి ఉంటే, ఓవర్‌డ్రాఫ్ట్ కాగితాల మీద సంతకం చేసే రోజే దాన్ని తీయించేయండి. గడువు రోజున అప్పు మినహాయించుకుని మిగతాది ఖాతాలో వేయమని రాసివ్వండి. మీ చేతికి సుమారు 94,000 వస్తుంది. అందులోంచి 20,000 విడిగా సేవింగ్స్‌లో పెట్టండి. కొత్త అల్లుడు మొదటి సంక్రాంతికి వస్తాడు.